సెకనులో ఏడు పదోవంతులు

ఫిబ్రవరి 6

మామయ్యా,

ఫోన్ చేస్తే నీకు ఈగ మోత తప్ప ఏమీ వినబడదని, చెవులు రెండూ ఇంజన్లకి ధారపోశావని అమ్మ చెప్పింది. అందుకే ఉత్తరం. నిన్ను చూసి ఆరేళ్ళయింది. నాన్న పోయినరోజు వచ్చి, పావుగంట నిలబడి, వెళ్ళిపోయావు. ఆ లెక్కన నా మొహం నీకు గుర్తుంటే గొప్పే.

విషయానికి వస్తాను. కార్ల పందేల క్లబ్బులో పాత కాగితాలు చూసుకునే ఉద్యోగం నాది. ఈ ఏడాది చివర ట్రాకు మూసేస్తున్నారు, అక్కడ గోదాములు కడతారట. మూసేలోగా ఒక పుస్తకం వెయ్యాలని పెద్దల పట్టుదల. నలభైమంది డ్రైవర్లు, తలకి రెండు పేజీలు. నీ రెండు పేజీలూ నా వాటాకి వచ్చాయి. "మేనమామ కదా, నాలుగు మంచి మాటలు రాసి పెట్టు" అన్నారు మా సంపాదకుడుగారు. మంచి మాటలు కాదు, లెక్క చూసి రాస్తానన్నాను. "అయితే మీ మామయ్య గతి అంతే" అని నవ్వారు.

ఆయన నవ్వడంలో తప్పు లేదు. నీ లెక్క నువ్వే చూడు. మొదటి రెండేళ్ళు ఏమీ లేదు. మూడో ఏడు మూడు గెలుపులు. నాలుగో ఏడు సున్నా. ఐదో ఏడు నాలుగు గెలుపులు, సీజన్ మొత్తం మీద రెండో స్థానం. ఆరో ఏడు మూడు, అందులో రెండు వరసగా. ఆ వెంటనే చివరి పందెంలో పెద్ద మలుపు దగ్గర గోడకి కొట్టావు. ఏడో ఏడు మళ్ళీ సున్నా. పన్నెండు పందేల్లో ఎక్కడా ఎనిమిదో స్థానం దాటి పైకి రాలేదు. ఎనిమిదో ఏడు అసలు కనబడవు. తొమ్మిదో ఏడు వేరే జట్టుతో వచ్చి, వానలో ఒక్కటి గెలిచి, ఇక చాలన్నావు. పత్రికలవాళ్ళు నిన్ను తారాజువ్వ అన్నారంటే అనరూ మరి!

మొదటి వాక్యం రాసి పెట్టుకున్నాను: "వేగానికి లోటు లేదు, నిలకడకే లోటు." కాదంటే కారణాలు చూపించి కాదను. కోప్పడితే చెల్లదు.

అమ్మ కులాసా. నీ మాటెత్తితే మాట మారుస్తుంది.

మేనకోడలు

ఫిబ్రవరి 19

కోడలు పిల్లకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కళ్ళజోడు లేకుండా, ఒకసారి పెట్టుకుని. పెట్టుకున్నాక ఇంకా ఘోరంగా ఉంది.

మొదటి రెండేళ్ళు ఏమీ లేదని రాశావు. ఏమీ లేకపోవడమేమిటమ్మా! బ్రేకు ఎక్కడ తొక్కాలో ప్రతివాడికీ తెలుసు, ఎక్కడ తొక్కకూడదో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అది లెక్కలోకి రాదా?

ముందు మా పందెం ఎలాంటిదో నీ పాఠకులకి చెప్పు. మావి పందేనికని పుట్టిన కార్లు కావు. జనం పిల్లల్ని బడిలో దింపే కార్లే. సీట్లు పీకేసి, లోపల ఇనప రాడ్లు బిగించి పరిగెత్తించేవాళ్ళం. పక్కవాణ్ణి భుజంతో తోసుకుంటూ పోవాలి, బజారు రద్దీలో నడిచినట్టు. ఇక గెలిస్తే శిక్ష ఉండేది. మొదటివాడి బండిలోకి తర్వాతి పందేనికి ముప్ఫై కిలోల సీసం పలకలు ఎక్కించేవాళ్ళు. వరసగా రెండు గెలిస్తే అరవై, అంతకు మించి వేసేవాళ్ళు కాదు. ఓడితే దించేవాళ్ళు. కొత్త సీజన్‌కి అందరి బండ్లూ ఖాళీ. ఒకడే గెలుస్తూ కూర్చుంటే టిక్కెట్టు కొని చూసేదెవరు? మా ట్రాకు మీద పది కిలోలకి రౌండుకి సెకనులో పదోవంతు పోయేది. ఇది చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కాబట్టి మాలో నిలకడ ఉన్నవాడంటే ఏనాడూ గెలవనివాడని అర్థం. ఈ ముక్క మీ సంపాదకుడికి వినిపించు.

నాలుగో ఏడు మాత్రం నా పొగరే. మెకానిక్కు టైర్లు ఇలా కాదురా అంటే నాకు తెలుసులే అన్నాను. ఆ మెకానిక్కు మీ నాన్నేనని వేరే చెప్పక్కర్లేదు. బావ మాట విన్న ఏడు గెలిచాను, వినని ఏడు సున్నా. రాసుకో.

ఏడో ఏడు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. భయం. గోడకి కొట్టినప్పుడు చీలమండ విరిగింది. ఎముక అతికింది, ఇంకేదో అతకలేదు. అంతకు ముందు ఏడు కంటే రౌండుకి సెకనులో ఏడు పదోవంతులు వెనకబడ్డాను. ఊహించి చెప్పడం లేదు, నా డైరీలో ప్రతి రౌండూ ఉంది. అదే బండి, అదే మెకానిక్కు, అదే ట్రాకు. మారింది నేనొక్కణ్ణే. "ప్రమాదం తరవాత భయపడ్డాడు" అని రాసెయ్. డొంకతిరుగుడు వద్దు.

వానలో గెలిచింది కూడా నేను కాదు, వాన. ముందున్న ఐదుగురూ జారి గడ్డిలో పడ్డారు, ఆరోవాణ్ణి నేను. అలాగే రాయి.

ఇంతకీ నిజం చెప్పు, ఇది మీ అమ్మ ఎత్తుగడ కదూ? పావుగంటే ఉన్నానని దెప్పావు. మీ గుమ్మంలో తలుపుకి అడ్డంగా పెట్టిన పలక తన్నుకుని ఆరోజు నా బొటనవేలి గోరు ఊడింది. చావింట్లో కుంటుకుంటూ ఎంతసేపు నిలబడను? తలుపు ఆపడానికి లోకంలో ఇంకేమీ దొరకలేదా మీకు?

ఇప్పుడు బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకి పరీక్ష పెడుతున్నాను. నిన్న ఒకాయన మూడు మలుపులు వెన్నలో తిప్పినట్టు తిప్పి, నాలుగోదాంట్లో చెత్తకుండీని ముద్దు పెట్టుకున్నాడు. ఫెయిల్ చేశాను. పాపం, నా బాపతే.

మామయ్య ఉరఫ్ తారాజువ్వ

మార్చి 2

మామయ్యా,

ఎత్తుగడా లేదు, గిత్తుగడా లేదు. నీకు రాస్తున్నానని అమ్మకి మొన్నటిదాకా తెలియదు. నా దగ్గరికి వచ్చినప్పుడు నీ ఉత్తరం బల్ల మీద చూసి, చేతిరాత పోల్చుకుని, చదవకుండానే పక్కకి జరిపింది. వంట చేస్తూ చేస్తూ అడిగింది: "వాడికి ఇంకా మీ నాన్న మీద కోపం పోలేదా?"

నాకేం తెలుసు, చెప్పాల్సింది నువ్వు. అమ్మ చెప్పేదేమిటంటే, ఏడో ఏడు బండి బాగాలేదని నువ్వన్నావు. బండికేం రోగం, నీకే ఏదో అయిందని నాన్న అందరి ముందూ అన్నాడు. ఆ రోజు నుంచీ, నాన్న పోయినరోజు తప్ప, నువ్వు మా గడప తొక్కలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు! ఒక్క మాటకి ఇంత పంతమా అని అమ్మ బాధ. నా పని కాగితాల వరకే కనుక నేను బాధపడటం లేదు. అడుగుతున్నానంతే.

నిలకడ మీద నువ్వు చెప్పిన ముక్క సంపాదకుడుగారికి వినిపించాను. బాగుందన్నారు, అది పెడతాను. నాలుగో ఏడు పొగరూ పెడతాను. భయం మాత్రం ఇప్పుడే పెట్టను. తన మీద తాను చెప్పుకునే సాక్ష్యం సాక్ష్యం కాదు. ఆధారం కావాలి.

ఆధారం కోసం వెతుకుతుంటే ఒకటి దొరికింది కానీ అది ఎటూ అతకడం లేదు. పందెం అవగానే ప్రతి బండినీ కాటా ఎక్కించి రాసిన జాబితాలున్నాయి. వెయ్యీ యాభై కిలోలకి తగ్గకూడదని నియమం. ఏడో ఏడు, గెలిచి పలకలు ఎక్కించుకున్నవి తప్ప, మిగతా బండ్లన్నీ వెయ్యీ యాభైరెండు, వెయ్యీ యాభైనాలుగు, అలా ఉన్నాయి. నీ ముప్ఫైనాలుగో నంబరు బండి మాత్రం ప్రతిసారీ వెయ్యీ నూటపన్నెండు, నూటపదమూడు. పక్కన అధికారి "సరే" అని సంతకం. ఒక్క పందెం కూడా గెలవనివాడి బండికి అంత బరువెందుకుంది? కాగితం తప్పా?

నీ గోరు సంగతి చెబితే అమ్మ ముందు నవ్వి, తరవాత అయ్యో అంది. ఆ పలక నాన్న తెచ్చిపెట్టిందే. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఇల్లు ఊడ్చినా దాని చుట్టూ ఊడ్వాల్సిందే. ఇప్పటికీ అమ్మకి అదే అలవాటు.

మేనకోడలు

మార్చి 14

కోడలు పిల్లా,

నాకు కోపమా? బావ మీదా? ఎవరు చెప్పారే మీ అమ్మకి?

కోపం కాదమ్మా, సిగ్గు. బావ అన్నది నిజం. బండికేమీ కాలేదు, నాకే అయింది. అబద్ధం చెప్పినవాడి మొహమైతే తాపీగా చూడొచ్చు, నిజం చెప్పినవాడి మొహం ఎలా చూడను? ఆయన చేతుల్లో పెరిగిన డ్రైవర్ని. రాత్రింబవళ్ళు ఆయన బిగించిన బండిలో కూర్చుని, మలుపు రాగానే యాక్సిలరేటర్ మీంచి కాలు లేపేసేవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని మీ ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చోను?

మీకు తెలియని సంగతి ఒకటుంది. పదేళ్ళ కిందట బావ మా డిపోకి వచ్చాడు, చెప్పాపెట్టకుండా. నేను పరీక్షలో ఉంటే బస్సులో వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగాడు. దిగాక క్యాంటీన్‌లో టీ తాగాం. వాతావరణం మాట్లాడాం, డీజిల్ ఇంజన్ల గురించి మాట్లాడాం. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు. "నీతో ఒక మాట చెప్పాలిరా" అన్నాడు. ఓదార్చడానికి వచ్చాడనుకున్నాను. "పాత సంగతులైతే వద్దు బావా, నేను మర్చిపోయాను" అన్నాను. సరేలే అని లేచాడు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళ్ళిపోయాడు. జాలి పడే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మంట. అందుకే వెనక వెళ్ళలేదు.

ఇక నీ కాటా జాబితాలు. కాగితం తప్పు కాదు. బండి బరువుగా ఉందేం బావా అని అప్పుడే అడిగాను. గోడకి కొట్టాక బాడీ షెడ్డువాళ్ళు లోపల కొత్త రాడ్లు వేశారు, ఆ బరువేలే అన్నాడు. మాది చిన్న జట్టు, సొంత కాటా లేదు. కాటా దగ్గర తగ్గితే అనర్హత, ఎక్కువైతే నీ ఖర్మ. ఎవరూ పట్టించుకోరు.

నువ్వేం చేస్తున్నావో నాకు అర్థమవుతోంది. మేనమామ కదా అని వెనకేసుకొస్తున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముసలితనంలో నా చేత సాకులు చెప్పించకు. ఈ మాట నాతో నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఒప్పుకున్నాక హాయిగా నిద్రపోతున్నాను. భయపడ్డాడని రాయి. అంతే.

అప్పటి ఆయన మళ్ళీ వచ్చాడు, చెత్తకుండీ ఆయన. ఈసారి పాసయ్యాడు.

మామయ్య

మార్చి 23

మామయ్యా,

ఇది కూర్చుని చదువు.

నిన్న ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. వీధి తలుపు కింద చెక్క పుచ్చిపోయి, వడ్రంగి వచ్చాడు. తలుపు తియ్యాలంటే పలక జరపాలి. అమ్మ వద్దు వద్దంటూనే ఉంది, వడ్రంగి జరిపేశాడు. అది ఇనుము కాదు, సీసం. పైన ఆకుపచ్చ రంగు వేసి ఉంది, అడుగున లేదు. అడుగున క్లబ్బు ముద్ర ఉంది. రోజూ నా బల్ల మీది కాగితాల్లో చూసే ముద్రే. దాని కింద ముప్ఫైనాలుగు అని అంకె, దాని కింద పదిహేను కిలోలు అని.

ఇంకా ఉన్నాయా అని అడిగాను. పెరట్లో నీళ్ళ డ్రమ్ము కింద రెండు, అలమారు కింద ఒకటి. మొత్తం నాలుగు, అన్నిటి మీదా అదే నంబరు. నాలుగు పదిహేనులు ఎంతో నీకు చెప్పక్కర్లేదు.

ఆరో ఏడు వరసగా రెండు గెలిచి, అరవై కిలోలతో నువ్వు గోడకి కొట్టినప్పుడు బండిలో ఉన్న పలకలు అవి. ఈ పొద్దున బాడీ షెడ్డు పాత మేస్త్రీని అడిగితే మిగతాది తేలింది. వాళ్ళు నలిగిన నేల మీద కొత్త రేకు పరిచి అతికేశారు, పలకలు అడుగునే ఉండిపోయాయి. వాళ్ళు తీసేశారని నాన్న, నాన్న ఉంచమన్నాడని వాళ్ళు అనుకున్నారు. ఏడో ఏడంతా నువ్వు వాటితోనే పరిగెత్తావు. సీజన్ అయిపోయి, నువ్వు వెళ్ళిపోయాక, విడిభాగాలకని బండి కోసినప్పుడు నాన్నకి కనబడ్డాయి. చేతులు కాలాక ఆకులన్నట్టు. ఒక్కొక్కటే ఇంటికి మోసుకొచ్చాడట. అమ్మకి బండ్ల సంగతి తెలియదు. "వాడికి చెప్పాలి" అని మాత్రం అప్పుడప్పుడూ అనేవాడట. ఏం చెప్పాలండీ అంటే లేచి వెళ్ళిపోయేవాడట. ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక ఆ గుమ్మం దాటుతూ తిరిగాడన్నమాట. మీ డిపోకి ఎందుకు వచ్చాడో ఇప్పుడు తెలిసింది కదా.

విషయం అర్థమయ్యాక అమ్మ ఆ పలక మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తరవాత, "పుస్తకంలో పెట్టకు. పోయిన మనిషి మీద రాళ్ళు వెయ్యకు" అంది. పుస్తకంలో వేస్తే నువ్వు నాన్నని క్షమిస్తావో లేదో కూడా తెలియదంది, వెయ్యకపోతే తమ్ముణ్ణి మళ్ళీ ఓడించినట్టే అని కూడా అంది. ఆవిడకే తెలియడం లేదు.

కాగితాల వరకే నా పని అని గొప్పలు పోయాను. ఈ లెక్క మా నాన్నది మామయ్యా. నాకు ఏడుపు వచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది, రెండూ ఒకేసారి. నేను అబద్ధం రాయను. కానీ నువ్వు చెప్పకుండా నిజమూ రాయను. ఏప్రిల్ ఇరవైకి పేజీలు అచ్చుకి వెళతాయి.

మేనకోడలు

ఏప్రిల్ 11

మామయ్యా,

మూడు వారాలయింది. నీకు కోపం వచ్చిందని అమ్మ ఖాయం చేసుకుంది. ఈసారి ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు లేవని, తనకి డెబ్భై దాటాయని నీకు రాయమంది. రాశాను.

ఏడో ఏడు చోటు పేజీలో ఖాళీగా వదిలాను. ఇరవై దాకా అలాగే ఉంటుంది. ఆ తరవాత వాళ్ళు "ప్రమాదం తరవాత రాణించలేదు" అని నింపేస్తారు.

మేనకోడలు

ఏప్రిల్ 15

కోడలు పిల్లకి,

ఆలస్యానికి తిట్టుకోకండి. అక్క ఖాయం చేసుకున్నది నిజమే, కోపం వచ్చింది. బావ మీద కాదని బుకాయించను, బావ మీదే. మూడు రోజులు అన్నం సయించలేదు. ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకునేవాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ళవాణ్ణి అప్పుడు. ఇంకో ఐదేళ్ళు గట్టిగా తోలేవాణ్ణి. పిరికివాణ్ణనుకుని ఇంట్లో కూర్చున్నాను. ఎనిమిదో ఏడు నేనేం చేశానో నీ కాగితాల్లో లేదు కదా, చెబుతున్నాను: ఏమీ చెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను.

నాలుగో రోజు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ఆ గ్లాసు గుర్తొచ్చింది, ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చోవడం. చెప్పడానికి ఊరు దాటి వచ్చిన మనిషిని వద్దన్నది నేను. గేటు దగ్గర వెనక్కి తిరిగినప్పుడు ఒక్క అడుగు వేసి ఉంటే ఆయనా తేలికపడేవాడు, నేనూ పడేవాణ్ణి. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. క్యాంటీన్‌వాడు పంచదార సరిపోలేదా అని అడిగాడు.

తరవాత రెండు వారాలూ డైరీతో కూర్చున్నాను. ఆరో ఏడు, ఏడో ఏడు, బరువు లేని పందేలు ఏరి, ప్రతి రౌండూ పక్కపక్కన పెట్టి చూశాను. అందుకే ఆలస్యం. నీకు కారణాలు కావాలన్నావు కదా.

ఇవిగో నా దిద్దుబాట్లు. వాన గెలిచిందని రాయమన్నాను, కొట్టెయ్. ఐదుగురు జారిన చోట నేను జారలేదు, అది వాన చేసే పని కాదు. పొగరు ఉంచు. నిలకడకే లోటన్న వాక్యం కూడా ఉంచు, అలవాటైపోయింది. ఏడో ఏడు ఇలా రాయి: "మరమ్మతులో పాత పలకలు అడుగున ఉండిపోయాయి. ఆ సీజన్ అంతా అరవై కిలోలు అదనంగా మోశాడు." ఎవరి తప్పని రాయకు. ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపు, నాకు వినబడదు కదా. మెకానిక్కు పేరు మాత్రం నా పదకొండు గెలుపుల పక్కన ఉండాలి, వేరే జట్టుతో గెలిచింది కూడా వదలకుండా.

పై ఆదివారం వస్తున్నానని అక్కకి చెప్పు. పలకని మళ్ళీ గుమ్మంలోనే పెట్టించండి. ఈసారి చూసుకుని దాటతాను. భోజనానికి ఉంటాను.

ఇక మిగిలింది లెక్క. ఏడు పదోవంతుల్లో ఆరు సీసానివి. ఒకటి మిగిలింది. డైరీ మూడుసార్లు తిరగేశాను, అది ఎటూ పోవడం లేదు. పెద్ద మలుపులో ఇంజను మోత తగ్గడం నేను విన్నాను, అప్పటికి నాకు చెవులున్నాయి. ఆ ఒక్క పదోవంతూ భయమే. అది బావది కాదు, బాడీ షెడ్డువాళ్ళది కాదు, నాది. అది మాత్రం మర్చిపోకుండా రాయి.

మీ మామయ్య